తెల్లగా ఉండని తెల్లబీరు: జర్మన్ గోధుమబీరు, దాని చుట్టూ అల్లుకున్న మాటలు

జర్మన్ భాషలో ‘డెర్ వైట్సెన్’ అంటే చేలో పండే గోధుమ. ‘డాస్ వైట్సెన్’ అంటే గ్లాసులో పోసిన గోధుమబీరు. మాట అదే, లింగం మారింది. గింజ పుంలింగం, బీరు నపుంసకలింగం. ‘డీ హేఫె’ అంటే ఈస్ట్, అది స్త్రీలింగం. కానీ నైరుతి జర్మనీలో ఏ హోటల్లోనో కూర్చుని ‘ఐన్ హేఫె’ అని అడిగితే ఈస్ట్ ముద్ద తెచ్చి పెట్టరు, అర లీటరు గోధుమబీరు తెస్తారు. పక్కనే ఉన్న బవేరియా రాష్ట్రంలో అడుగుపెడితే ఇదే పానీయం ‘వైస్‌బీర్’ అవుతుంది, అంటే తెల్లబీరు.

అంటే ఒకే బీరును ఒక చోట గింజ పేరుతో, ఒక చోట ఈస్ట్ పేరుతో, ఇంకో చోట రంగు పేరుతో పిలుస్తున్నారు. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల మెనూల్లో ‘హెఫెవైజెన్’ అని వినిపించేది వీటిలో రెండు కలిసిన మాట: హేఫె, వైట్సెన్. ఈస్ట్ తేలే గోధుమబీరు అని దాని అర్థం. ఈ పేర్లన్నీ నిజమే చెబుతాయి, కానీ ఏదీ రుచి చెప్పదు. రుచి చెప్పాల్సి వచ్చినప్పుడు జర్మన్లు అరటిపండునీ లవంగాన్నీ తెచ్చుకున్నారు. ఆ రెండూ వాళ్ల నేల మీద పండేవి కావు. తెలుగువాళ్లకు అరటి పెరటి చెట్టు, లవంగం వంటింటి సరుకు. ఈ బీరు గురించి మాట్లాడటానికి కావాల్సిన సామగ్రి జర్మన్ కంటే తెలుగులోనే ఎక్కువ ఉందంటే అది గొప్ప చెప్పుకోవడం కాదు.

ముందు రంగు సంగతి. జర్మన్‌లో ‘వైస్’ అంటే తెలుపు. గోధుమకున్న ‘వైట్సెన్’ అనే పేరూ అదే మూలం నుంచి పుట్టింది. పిండి తెల్లగా ఉండే గింజ కాబట్టి ఆ పేరు. ఇంగ్లిష్‌లో ‘వీట్’కీ ‘వైట్’కీ ఉన్న చుట్టరికమూ ఇదే. తెలుగులో వ్యవహారం తిరగబడింది. మనకు గోధుమ రంగంటే లేత మట్టిరంగు. గోధుమవన్నె త్రాచును చూసి ఎవరూ తెల్లపాము అనరు. జర్మన్లు విసిరిన పిండిని చూసి గింజకు పేరు పెట్టారు, తెలుగువాళ్లు విసరని గింజను చూసి రంగుకు పేరు పెట్టారు. అందుకే ‘తెల్లబీరు’, ‘గోధుమబీరు’ అని అనువదిస్తే తెలుగు చెవికి రెండు వేరువేరు రంగుల పానీయాలు తోస్తాయి. జర్మన్ చెవికి అవి దగ్గరి బంధువులు.

ఇంతకీ వైస్‌బీర్ తెల్లగా ఉండదు. లేత పసుపు నుంచి నారింజ చాయ దాకా ఉంటుంది, మసకమసకగా. మరి తెలుపు ఎక్కడిది? పేరు పుట్టిన కాలంలో పక్కనున్న బీర్లు ముదురు గోధుమరంగువి. మొలకెత్తించిన గింజను మంట సెగన ఆరబెడితే మాడు రంగు దిగేది. గోధుమ మాల్టుతో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమతో, చేసిన బీరు వాటి పక్కన పెడితే తెల్లగానే కనిపించేది, పైన నురుగు కూడా దట్టం. నల్లావు పక్కన నిలబడిన చామన ఆవును తెల్లావు అన్నట్టు, పోలికలో పుట్టిన పేరు అది. పేరు స్థిరపడ్డాక రంగుతో పనిలేకుండా పోయింది. ఇవాళ బవేరియాలో ‘డుంక్లెస్ వైస్‌బీర్’ అని అడగొచ్చు. తెలుగులో చెబితే ‘ముదురు రంగు తెల్లబీరు’. అక్కడ ఎవరికీ అందులో వైరుధ్యం కనిపించదు.

ఈ బీరు బతికి బట్టకట్టిన తీరు దాని పేరు కంటే విచిత్రం. 1516 ఏప్రిల్ 23న బవేరియా పాలకులు విల్‌హెల్మ్ 4, లుడ్విగ్ 10 ఇంగోల్‌స్టాట్‌లో ఒక శాసనం వెలువరించారు. బీరులో బార్లీ, హాప్స్ (చేదునిచ్చే పువ్వులు), నీరు తప్ప మరొకటి ఉండకూడదన్నది అందులోని మాట. గోధుమకు అందులో చోటు లేదు. రొట్టెకు పనికొచ్చే గింజను బీరు కాచేవాళ్లు ఎగరేసుకుపోకూడదన్నది దాని వెనకున్న కారణాల్లో ఒకటని చరిత్రకారులు చెబుతారు. శాసనం ప్రకారం చూస్తే గోధుమబీరు అక్కడితో అంతరించాలి. కానీ బోహీమియా (ఇప్పటి చెక్ దేశం) సరిహద్దు అడవుల్లోని డేగెన్‌బెర్గ్ ప్రభువులకు మినహాయింపు దొరికింది. 1548లో డాన్యూబ్ నదికి ఉత్తరాన గోధుమబీరు కాచే ప్రత్యేక హక్కు వాళ్ల చేతికొచ్చింది. 1602లో ఆ వంశంలో చివరివాడు వారసుడు లేకుండా చనిపోయాడు. హక్కు అప్పటి పాలకుడు మాక్సిమిలియన్ 1 పరమైంది. ఆయన దాన్ని రద్దు చేయలేదు, దాచి పెట్టుకోలేదు. సొంత గుత్తాధిపత్యంగా మార్చుకుని ఊరూరా గోధుమబీరు బట్టీలు పెట్టించాడు. 1607లో కెల్‌హైమ్‌లో మొదలైనది వాటిలో ఒకటి. సామాన్యుడికి నిషిద్ధమైన గింజ పాలకుడి ఖజానాకు రెండు శతాబ్దాల పాటు పెద్ద ఆదాయ వనరైంది.

గుత్తాధిపత్యం 1798లో పోయింది. అప్పటికే జనం ముదురు రంగు బార్లీబీరు వైపు మళ్లుతున్నారు. ఆ తర్వాత చల్లగా పులిసి తేటగా మెరిసే లాగర్ వచ్చాక గోధుమబీరు ఇక చరిత్రే అనిపించింది. 1872లో గియోర్గ్ ష్నైడర్ అనే బ్రూవర్ (బీరు కాచేవాడు) రాజు లుడ్విగ్ 2 దగ్గర హక్కు సంపాదించి మ్యూనిక్‌లో సొంత బట్టీ పెట్టడం ఈ కథలో మలుపు. ఆయన కుటుంబమే 1907లో ‘అవెంటీనుస్’ అనే గాఢమైన గోధుమబాక్ (వైట్సెన్‌బాక్) బీరును తెచ్చింది. 1944 బాంబుదాడుల్లో మ్యూనిక్ బట్టీ ధ్వంసమయ్యాక ఉత్పత్తి కెల్‌హైమ్‌కు మారింది. 1607లో మాక్సిమిలియన్ పెట్టించిన ఆ బట్టీని ష్నైడర్ కుటుంబం అప్పటికే కొనుక్కుని ఉంది. ఒకప్పుడు ప్రజలకు కాచే హక్కు లేని చోట, ఆ హక్కు అడిగి తెచ్చుకున్న కుటుంబమే ఇప్పుడు కాస్తోంది.

గోధుమబీరు అనగానే మొత్తం గోధుమే అనుకోవడం సహజం. జర్మనీ నిబంధన ప్రకారం మాల్టులో కనీసం సగం గోధుమ ఉండాలి. సాధారణంగా అది యాభై నుంచి డెబ్భై శాతం దాకా ఉంటుంది, మిగతాది బార్లీ. మొత్తం గోధుమే ఎందుకు వేయరంటే దానికి పొట్టు ఉండదు, నూర్పిడిలోనే ఊడిపోతుంది. మాల్టును వేడి నీళ్లలో నానబెట్టి తీపి రసం దించేటప్పుడు అడుగున బార్లీ పొట్టే జల్లెడలా పనిచేస్తుంది. అది లేకపోతే గోధుమ అంబలిలా చిక్కబడి రసం కిందికి దిగదు. పొట్టు లేని లోటును కొన్ని దేశాల బ్రూవర్లు వరి ఊక కలిపి తీర్చుకుంటారు. ఊక అంటే ఏమిటో తెలుగువాళ్లకు వివరించనక్కర్లేదు. గోధుమ వల్ల వచ్చే లాభం దాని మాంసకృత్తులు. ఆ దట్టమైన నురుగుకు ప్రాణం పోసేవి అవే. బీరులోని కలకలో కొంత భాగం కూడా వాటిదే, అంతా ఈస్ట్ పుణ్యం కాదు.

కలక అనే మాట దగ్గర తెలుగువాడు కాసేపు ఆగాలి. మన భాష తేటను ప్రేమించే భాష. తేటనీరు, తేటతెల్లం, తేటతెలుగు. నీళ్లయినా మాటలైనా తేటగా ఉంటేనే మంచివి. కలక, మడ్డి, బురద అన్నీ తిట్లే. నూనె కొంటే అడుగు మడ్డి చూసి మొహం చిట్లిస్తాం. హేఫెవైట్సెన్‌లో ఆ మడ్డే గుణం. జర్మన్లు ‘హేఫెట్రూబ్’ అంటారు, ఈస్ట్ వల్ల కలకబారినది అని. ‘నటూర్‌ట్రూబ్’ అంటారు, సహజంగా కలకగా ఉన్నది అని. ఆ రెండు మాటలనూ సీసా మీద గర్వంగా అచ్చేసుకుంటారు. వడకట్టి తేటగా చేసిన రకం విడిగా ఉంది, దాని పేరు ‘క్రిస్టాల్‌వైట్సెన్’, స్ఫటికంలాంటి గోధుమబీరు. తేటగా ఉంది కాబట్టి అదే మేలురకం అనుకుంటే పొరపాటు. ఈస్ట్ పోవడంతో బీరులో నిండుదనం కొంత పోతుంది, చురుకు మిగులుతుంది. దాన్ని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. పుట్టింటి రుచి మాత్రం మసక బీరుదే.

పోయడంలో కూడా ఈ మడ్డికి మర్యాద ఉంది. పొడవైన అర లీటరు గ్లాసును ముందు చల్లటి నీళ్లతో కడిగి, వంచి పట్టి, బీరును గోడ వెంట మెల్లగా జార్చాలి. సీసాలో కొద్దిగా మిగిలాక పోయడం ఆపి, సీసాను గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్టును కదిలించి ఆ చివరి గుక్కెడు నురుగు మీద పోస్తారు. మజ్జిగ కుండలో అడుగున చేరినదాన్ని కదిపి పోసినట్టే. ‘ఛీర్స్’ చెప్పేటప్పుడు ఈ గ్లాసుల అంచులు తాకించరు, పైభాగం పల్చన కాబట్టి మందంగా ఉండే అడుగు భాగాలను తాకిస్తారు.

ఇక అరటిపండు. వైస్‌బీర్‌లో అరటి వేయరు. ఈ బీరుకు వాడే ప్రత్యేకమైన ఈస్ట్ 18 నుంచి 24 డిగ్రీల మధ్య పనిచేస్తూ ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను (పండ్ల వాసననిచ్చే రసాయనాన్ని) విడుదల చేస్తుంది. మాగిన అరటిపండు వాసనలో ముఖ్యమైన పదార్థం అదే. మిఠాయిల్లో, ఐస్‌క్రీముల్లో వాడే అరటి ఎసెన్స్ సీసాలో ఉండేదీ అదే. అంటే ఇక్కడ ‘అరటి’ అన్నది ఉపమానం కాదు. కవి ముఖాన్ని చంద్రుడితో పోల్చినట్టు పోల్చడం కాదు, ఉన్న పదార్థాన్ని పేరుపెట్టి పిలవడం. వేడి పెరిగితే ఈ వాసన పెరుగుతుంది. ఎత్తయిన మూసిన ట్యాంకుల్లో ఒత్తిడి ఎక్కువై అది తగ్గుతుంది. లోతు తక్కువ, నోరు తెరిచి ఉన్న తొట్లలో పులియబెట్టే పాత పద్ధతిని కొందరు బ్రూవర్లు వదలకపోవడానికి ఇదో కారణం.

జర్మన్ రుచిచూపరి ‘బనానే’ అని ఒక్క మాట అంటాడు. అతని దుకాణంలో దొరికేదీ దాదాపు ఒకే రకం పండు. తెలుగు నాలుక అక్కడితో ఆగనక్కర్లేదు. కోనసీమలో ఏ రైతునడిగినా చక్కెరకేళి వేరు, అమృతపాణి వేరు, కర్పూర వేరు అంటాడు. రకం కంటే ముఖ్యం పండు ఎంత మాగిందన్నది. దోరగా ఉన్న పండుకు వాసన తక్కువ, కొద్దిగా వగరు. సరిగ్గా మాగిన పండుకు తీపి వాసన. తొక్క నల్లబడ్డ పండుకు సారా తగిలినట్టుండే ఘాటు. గోధుమబీర్లను ఈ మెట్ల మీద నిలబెట్టొచ్చు. మంచి లేత వైస్‌బీర్‌లో ఉండేది మాగిన పండు వాసన. ఎక్కువ వేడిలో హడావిడిగా పులియబెట్టిన బీరు తొక్క నల్లబడ్డ పండులా ఉంటుంది, చివరికి నెయిల్ పాలిష్ వాసన వైపు వెళ్తుంది. వైట్సెన్‌బాక్‌లో ముదురు మాల్టు, ఎక్కువ ఆల్కహాల్ కలిసి అరటిపండును బెల్లంలో ఉడికించినట్టనిపిస్తుంది. ‘అరటి వాసన ఉంది’ అని రాసే సమీక్ష కంటే ‘తొక్క నల్లబడిన అరటి’ అని రాసే సమీక్ష తెలుగు పాఠకుడికి ఎక్కువ చెబుతుంది.

లవంగం సంగతి కొంచెం వేరు. లవంగానికి వాసన ఇచ్చేది ప్రధానంగా యూజినాల్. బీరులో ఉండేది 4-వినైల్ గ్వయకాల్. రెండూ ఫీనాల్ అనే ఒకే రసాయన కుటుంబానివి, కానీ ఒకే పదార్థం కాదు. అందుకే నోట్లో లవంగం కొరికినప్పటి తిమ్మిరి బీరులో ఉండదు, పులావు గిన్నె మూత తీసినప్పుడు దూరం నుంచి వచ్చే లవంగపు పొగలాగా మాత్రమే తగులుతుంది. దీని పుట్టుక గింజలోనే ఉంది. గోధుమ, బార్లీ కణాల గోడల్లో ఫెరూలిక్ ఆమ్లం అతుక్కుని ఉంటుంది. మాల్టును నానబెట్టేటప్పుడు 44 డిగ్రీల దగ్గర కాసేపు నిలిపితే అది విడివడి రసంలోకి వస్తుంది, తర్వాత ఈస్ట్ దాన్ని లవంగపు వాసనగా మారుస్తుంది. ఆ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగితే లవంగం పెరుగుతుంది. పులియబెట్టే వేడి పెంచితే అరటి పెరుగుతుంది. పప్పుచారులో పులుపూ కారమూ సరిచూసుకునే వంటమనిషి పనే బ్రూవర్‌దీ.

మామూలు లాగర్ ఈస్టుకు ఈ మార్పు చేసే శక్తి ఉండదు. అందుకే లాగర్‌లో లవంగపు వాసన వచ్చిందంటే ఎక్కడో అడవి ఈస్ట్ దూరిందని, శుభ్రత చెడిందని అర్థం. బ్రూవరీ ప్రయోగశాలలో ఈ గుణమున్న ఈస్టును ‘ఫీనాలిక్ ఆఫ్‌ఫ్లేవర్ పాజిటివ్’ అంటారు, అంటే ‘తప్పు రుచి పుట్టించేది’ అని. వైస్‌బీర్ ఈస్టుకు కూడా ఇదే ముద్ర. తన ఇంట్లో గుణం, పొరుగింట్లో దోషం. 1979లో మోర్టెన్ మెయిల్‌గార్డ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన బీరు రుచుల చక్రం ఈ చిక్కును నెమ్మదిగా పరిష్కరించింది. అందులో ప్రతి రుచికీ ఒక స్థానం ఉంటుంది, మంచీచెడూ ముద్ర ఉండదు. ఏది ఎక్కడ ఉండాలో బీరు రకమే నిర్ణయిస్తుంది. రుచుల గురించి మాట్లాడటానికి ఇంతకంటే న్యాయమైన పద్ధతి మరొకటి కనిపించదు.

ఫీనాల్ నిజంగా దోషమయ్యే చోటూ ఉంది, దానికి తెలుగిళ్లలో అందరికీ తెలిసిన పేరుంది: డెట్టాల్ వాసన. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లతో బీరు కాస్తే ఫీనాల్, క్లోరిన్ కలిసి క్లోరోఫీనాల్స్ పుడతాయి. డెట్టాల్‌లోని ముఖ్య పదార్థం కూడా ఆ జాతిదే. నగరంలో గోధుమబీరు కాచేవాళ్లు నీళ్లలోని క్లోరిన్‌ను ముందే తొలగించకపోతే లవంగం ఉండాల్సిన చోట ఆసుపత్రి వరండా గుర్తొస్తుంది. ‘మందు వాసన’ అనడం కంటే ‘డెట్టాల్ వాసన’ అనడమే కచ్చితం, ఎందుకంటే బ్రూవర్ దిద్దుకోవాల్సిన తప్పు ఏదో ఆ మాటలోనే ఉంది.

తెలుగు మాట తప్పుదారి పట్టించే చోటు ఒకటి ఉంది. మనం ‘పులియడం’ అంటాం. ఇడ్లీ పిండి పులుస్తుంది, కల్లు పులుస్తుంది, మజ్జిగ పులుస్తుంది. ఆ మాటలోనే పులుపు ఉంది, ఎందుకంటే మన వంటింట్లో ఈస్టుతోపాటు పులుపు పుట్టించే సూక్ష్మజీవులూ పనిచేస్తాయి. పొద్దున దించిన తియ్యటి కల్లు సాయంత్రానికి పుల్లబడేది అందుకే. వైస్‌బీర్ మాత్రం పులిసి కూడా పుల్లబడదు. అందులో పనిచేసేది ఎంపిక చేసిన ఈస్ట్ ఒక్కటే. పాఠ్యపుస్తకాల ‘కిణ్వనం’ ఇక్కడ పులుపు తగలని మాటగా పనికొస్తుంది. నిజంగా పుల్లటి గోధుమబీరు కావాలంటే బెర్లిన్ వెళ్లాలి. అక్కడి ‘బెర్లినర్ వైసె’లో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది, పెరుగుకు పులుపునిచ్చేది అదే. ఆ పులుపు తట్టుకోవడానికి ఎర్రటి రాస్ప్‌బెర్రీ సిరప్పో, ఆకుపచ్చ సిరప్పో కలుపుతారు. లైప్‌జిగ్ ‘గోసె’ ఇంకో అడుగు ముందుకు వేసి ఉప్పు, ధనియాలు కూడా చేర్చుకుంది. ఉప్పేసిన పుల్ల మజ్జిగ తాగి పెరిగినవాళ్లకు గోసె మొదటి గుక్కలోనే చుట్టంలా పలకరిస్తుంది.

ధనియాల మాట వచ్చింది కాబట్టి ఒక గందరగోళం తీర్చాలి. భారతీయ దుకాణాల్లో ‘వీట్ బీర్’ అని దొరికే వాటిలో చాలావరకు బెల్జియన్ ‘విట్‌బీర్’ పద్ధతివి. వాటిలో మొలకెత్తించని గోధుమ, ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. వాసన బయటి నుంచి వేసిన దినుసులది. జర్మన్ పద్ధతిలో ఆ దినుసులకు చోటు లేదు, అరటీ లవంగమూ రెండూ ఈస్ట్ సృష్టే. ఒకటి తాగి రెండోదాని గురించి అభిప్రాయం చెప్పడం చింతపండు పులిహోర తిని నిమ్మకాయ పులిహోరను తూచడమే.

జర్మన్ల దగ్గర వాసనకు సంబంధించని మాటలు కొన్ని ఉన్నాయి, అవి నోటిలో జరిగేదాన్ని చెబుతాయి. ‘స్ప్రిట్సిగ్’ అంటే గ్యాస్ చురుకుగా చిమ్ముతున్నట్టుండటం. ఒక లీటరు వైస్‌బీర్‌లో మూడు నుంచి నాలుగు లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, మామూలు లాగర్ కంటే బాగా ఎక్కువ. గోళీసోడా కొట్టగానే ముక్కుకు ఎక్కే ఆ చురుకే అది. ‘ఫోల్‌ముండిగ్’ అంటే నోరు నిండినట్టుండటం. ఇక ‘స్యూఫిగ్’ అన్నది అన్నిటికంటే అందమైన మాట. తీపీ చేదూ ఏదీ అడ్డుపడకుండా, ఒక గుక్క దిగగానే రెండో గుక్క అడిగేలా ఉండటం. తెలుగులో ‘గొంతు దిగుతుంది’ అనడం దానికి చాలా దగ్గర. వైస్‌బీర్‌లో హాప్స్ చేదు చాలా తక్కువ కాబట్టి ఈ మాట దానికి బాగా అతుకుతుంది. ఆ తక్కువ చేదు వల్లే బవేరియాలో ఉదయం పూట కూడా దీనికి చోటుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టకముందే తినాలనే ఆచారమున్న తెల్ల సాసేజ్, తియ్యటి ఆవపిండి ముద్ద, ప్రెట్సెల్ రొట్టె, పక్కన వైస్‌బీర్.

ఇన్ని మాటలున్నా గ్లాసులో అవి వినిపించకుండా చేసే పొరపాట్లు రెండు మూడు ఉన్నాయి. మంచుగడ్డలా చల్లబరిచి ఇస్తే అరటీ లేదు, లవంగమూ లేదు. 8 డిగ్రీల దగ్గర వాసన విచ్చుకుంటుంది. మన ఎండలకు అంత వెచ్చగా ఎవరు తాగుతారన్నది న్యాయమైన ప్రశ్నే, కానీ గ్లాసు ముందు పెట్టుకుని ఐదు నిమిషాలు ఆగితే తేడా ముక్కుకే తెలుస్తుంది. అంచుకు నిమ్మచెక్క గుచ్చి ఇవ్వడం ఇంకో అలవాటు. నిమ్మతొక్క నూనె నురుగును చంపుతుంది, లవంగాన్ని మింగేస్తుంది. విట్‌బీర్‌కు చెల్లుతుందేమో కానీ మంచి హేఫెవైట్సెన్‌కు అది అపచారమే.

అన్నిటికంటే పెద్ద శత్రువు కాలం. అరటి వాసననిచ్చే ఎస్టర్ సీసాలో నిలవున్నకొద్దీ విరిగిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా. ఓడలో నెలల తరబడి ప్రయాణించి, గోదాములో ఎండాకాలం గడిపి, హైదరాబాద్‌లోనో విశాఖలోనో అలమర ఎక్కిన బవేరియా సీసాలో ముందు అరటి వెళ్లిపోతుంది, తర్వాత లవంగం మొద్దుబారుతుంది, చివరికి తేనె లాంటి తీపి, తడిసిన అట్టపెట్టె వాసన మిగులుతాయి. అది తాగి ‘జర్మన్ గోధుమబీరు ఇంతేనా’ అనుకున్నవాళ్లు తాగింది గోధుమబీరు ముసలితనాన్ని. ఊళ్లోనే కాచి, వారం రెండు వారాల్లో గ్లాసులోకి వచ్చే బీరుకు ఈ ఒక్క విషయంలో మ్యూనిక్ సీసా కంటే ఆధిక్యం ఉంది. గ్లాసు ముందుకు రాగానే నురుగు మీదికి ముక్కు వంచి చూస్తే, మాగబెట్టిన అరటిగెల ఉన్న గది తలుపు తీసినట్టుండాలి.